తిరిగి వచ్చిన చీరలు

పెడన,
9 ఫిబ్రవరి 2025.

చెల్లెలు చౌడేశ్వరికి,

అన్నయ్య పాండురంగయ్య రాసేది. పైన ఏం రాయాలో తెలియక చాలాసేపు కాగితం ముందు కూర్చున్నాను. నీ పెళ్ళయిన దగ్గర్నుంచి ముప్పై నాలుగేళ్ళుగా ‘చి.ల.సౌ.’ అని మొదలుపెట్టడం అలవాటు. బావగారు పోయాక ఈ ఏడాదిలో ఉత్తరమే రాయలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇప్పుడు మీ వదినను అడిగితే, “ఊరికే పేరు రాయండి, మీ చెల్లెలేగా” అంది. అలాగే రాశాను.

ఫోను చేయవచ్చు కదా అంటావు. యాభై ఏళ్ళు మగ్గం మోత విన్న చెవులు నావి. నువ్వు హలో అనడం వరకే వినపడుతుంది, తరవాతిదంతా నేను ఊహించుకోవాలి. కిందటిసారి నువ్వు చెప్పినదానికల్లా బాగుంది, బాగుంది అన్నాను. నీ పన్ను పీకారని తరవాత మీ అబ్బాయి కిరణ్ చెప్పాడు.

సంవత్సరీకం లోపం లేకుండా జరిగింది. మీ అపార్టుమెంటు లిఫ్టులో ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయి కూడా మంత్రం ఆపని పురోహితుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఏడాది తిరిగింది, ఇక నువ్వూ తేరుకోవాలి. ఆ రోజు నువ్వు గారెను ముక్కలు చేసి విస్తరి అంచున పేరుస్తూ కూర్చున్నావు. ఇంటినిండా జనం ఉంటే ఎవరికైనా తిండి ఎలా సయిస్తుంది అనుకున్నాను.

ఇక్కడ ఒక విశేషం. మన ఊరి ఆసుపత్రి నర్సు హెలెన్ సిస్టరు చేనేత సొసైటీ హాల్లో మీటింగు పెట్టింది. టీ ఇస్తారంటే వెళ్ళాను. ‘తోడు’ అని ఒక బృందం కడుతున్నారు. మనసు బాగోలేని వాళ్ళను కనిపెట్టి, పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది వినాలట. ఆ పని డాక్టర్ల దాకా వెళ్ళకముందే ఇరుగుపొరుగు వాళ్ళు చేయాలట. కిందటేడు మన చుట్టుపక్కల వీధుల్లో ముగ్గురు ప్రాణం తీసుకున్నారు, నీకు తెలుసు. ఆ ముగ్గురితోనూ ముందురోజు ఎవరో ఒకరు టీ తాగారు. ఎవరూ ఏమీ అడగలేదు.

అడగవలసింది సూటిగా అడగాలట, ‘చనిపోవాలనే ఆలోచన వస్తోందా’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదా అని నేను చెయ్యెత్తాను. పుట్టదట, అడిగినందుకు ఆ మనిషికి కాస్త బరువు దిగుతుందట. ఆ తరవాత సిస్టరు నావైపు చూసి ఇంకేదో అంది. నాకు వినపడలేదు. మర్యాదకు తలూపాను. అలా నేను మా వీధికి తోడు మనిషినయ్యాను.

కిరణ్‌కూ కోడలు అక్షయకూ ఆశీస్సులు.

నీ అన్నయ్య,
పాండురంగయ్య.


విజయవాడ,
21 ఫిబ్రవరి 2025.

అన్నయ్యకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. వినపడని మనిషిని వినే పనికి ఎంచుకున్న హెలెన్ సిస్టరును ఒకసారి చూడాలని ఉంది. వదిన ముప్పై ఎనిమిదేళ్ళుగా నీకు చెప్పినవి ఎన్ని విన్నావో ముందు ఆ లెక్క అప్పజెప్పు. చి.ల.సౌ. గురించి బాధపడకు. పేరు ఒక్కటే ఉంటే చదవడం తేలిక.

ఇక్కడ అంతా మామూలే. మా హాలు కిటికీలోంచి చూస్తే బెంజ్ సర్కిల్ ఫ్లైఓవరు మీద వెళ్ళే బస్సుల్లో మనుషుల మొహాలు కనిపిస్తాయి. అందరూ ఎక్కడికో వెళ్తుంటారు. పొద్దున కాఫీ తాగి కూర్చుంటే పనిమనిషి వచ్చి కాళ్ళు తియ్యమనేదాకా టైము తెలియదు.

కొట్టు బాగా నడుస్తోంది. అక్షయ ఫోను ముందు నిలబడి చీర పట్టుకుని మాట్లాడితే చాలు, ఎక్కడెక్కడి వాళ్ళో కొనేస్తున్నారు. మా ఆయనా నేనూ గద్దె మీద కూర్చుని రోజంతా మడతలు విప్పి అమ్మినన్ని చీరలు అరగంటలో వెళ్ళిపోతున్నాయి. నేను వెళ్తే కిరణ్ లేచి కుర్చీ వేస్తాడు, ఫ్యాను పెడతాడు, మంచినీళ్ళు తెప్పిస్తాడు. కొనడానికి వచ్చినావిడకు చేసే మర్యాదలన్నీ చేస్తాడు. పిల్లాడు మంచివాడు, వాణ్ణి ఏమనడానికీ లేదు. నేనే వెళ్ళడం మానేశాను.

అన్నట్టు వదినకు ఒక చీర పార్సెలు చేశాను. మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకు నువ్వు నేసి ఇచ్చిన మెరూన్ చీర. బీరువా ఇరుకుగా ఉంది, ఎర్ర రంగులు నాకు ఇప్పుడు దేనికి. వదిన ఒంటిరంగుకు బాగుంటుంది.

నిద్ర అంతంతమాత్రంగా ఉంది. వయసు అనుకుంటాను. నువ్వు వేళకు తిను.

నీ చెల్లెలు,
చౌడేశ్వరి.


పెడన,
5 మార్చి 2025.

చెల్లెలు చౌడేశ్వరికి,

చీర అందింది. నువ్వు బట్టల కొట్టు నడిపినదానివి, నీకు నేను చెప్పనక్కర్లేదు. మన వృత్తిలో చీర తిరిగి వచ్చిందంటే ఒకటే అర్థం, ఎక్కడో తప్పు పడింది. అందుకని నవారు మంచం మీద పరిచి, భూతద్దం పెట్టి కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా చూశాను. దొరికింది. కొంగుకు ఆరు జానల ఇవతల అడ్డంగా పోయే పేక పోగు ఒకటి తప్పింది. “తొమ్మిదేళ్ళు కట్టుకున్నాక ఇప్పుడు కనిపించిందా ఆవిడకి?” అని మీ వదిన అడిగింది. నా అనుమానం వేరు. నువ్వు మొదటిరోజే చూశావు, నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక ఇన్నాళ్ళూ ఊరుకున్నావు. క్షమించు. అదే రంగులో మళ్ళీ నేస్తాను.

తోడు పని మొదలుపెట్టాను. మొదలు సరిగ్గా లేదు. సొసైటీ సెక్రటరీ రామకోటేశ్వరరావుగారు వారం రోజులుగా దిగాలుగా తల వంచుకుని తిరుగుతుంటే, నూలు పంచేచోట నలుగురిలో అడిగేశాను: “చనిపోవాలనే ఆలోచన వస్తోందాండీ?” నాకు వినపడదు కాబట్టి నా గొంతు కాస్త పెద్దదే. ఆయనకు కొత్త కళ్ళజోడు సరిపడలేదట, అంతే. సాయంత్రం ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ అన్నవన్నీ పెదాలు చూసి తెలుసుకున్నాను. మగ్గాల మోతలో పెరిగినవాళ్ళకు అదొక విద్య, అప్పుడప్పుడు లేకపోతే బాగుండును అనిపిస్తుంది.

హెలెన్ సిస్టరు నాకు విడిగా పాఠం చెప్పింది. ముందు మనిషిని గమనించాలి, తరవాత ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా అడగాలి. గమనించవలసినవి ఒక కాగితం మీద రాసిచ్చింది. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం. నలుగురిలోకి వెళ్ళడం మానేయడం. నా అవసరం ఎవరికీ లేదనడం. ఇష్టమైన వస్తువులు ఒక్కొక్కటే పంచిపెట్టేయడం. ఇంకొకటి కింద గీత గీసి రాసింది: ఇన్నాళ్ళూ కుమిలిపోయిన మనిషి ఉన్నట్టుండి కుదుటపడినట్టు కనిపిస్తే సంతోషించి వదిలేయకండి, అప్పుడే దగ్గరగా ఉండండి.

ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని రోజూ వీధి చివరిదాకా వెళ్ళి వస్తున్నాను. ఇలాంటి లక్షణాలున్నవాళ్ళు నాకు ఇంతవరకూ ఒక్కరూ తగల్లేదు.

నిద్రకు పాలు తాగి పడుకో.

నీ అన్నయ్య,
పాండురంగయ్య.


విజయవాడ,
17 మార్చి 2025.

అన్నయ్యకు నమస్కారాలు.

ఆ పోగు సంగతి నాకు ఒట్టు, తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే నిన్ను ఏడిపించేదాన్ని. మళ్ళీ నేయకు, నీ నడుముకు మంచిది కాదు. రామకోటేశ్వరరావుగారి కళ్ళజోడు సంగతి చదివి నవ్వుకున్నాను. నవ్వి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకో నాలుగు చీరలు పంపుతున్నాను. వంకాయరంగుది, నెమలిపచ్చది, పసుపు అంచుది, కిరణ్ బారసాలకు నేసిన గళ్ళచీర. వదినకు నచ్చినవి ఉంచుకోమను, తక్కినవి ఎవరికైనా ఇమ్మను. వీటిని రోజూ చూస్తూ ఉండటం నావల్ల కావడం లేదు. బీరువా తలుపు తీస్తే ఏ చీర ఏ రోజు కట్టానో, ఆ రోజు మా ఆయన ఏమన్నారో అన్నీ వరసగా వస్తాయి. ఏడాది తిరిగాక ఇలా ఉండకూడదని అందరూ అంటున్నారు. ఉండకూడదనే నేనూ అనుకుంటున్నాను.

నువ్వు రాసిన ఆ కాగితం సంగతులు రెండు మూడుసార్లు చదివాను. తెలిసినవాళ్ళెవరో రాసినట్టున్నారు.

ఊరికే ఒక మాట అడుగుతాను. ఆ ప్రశ్నకు ఎవరైనా అవును అంటే మీరు ఏం చేస్తారు? పోలీసులకు చెప్తారా? బంధువులందరినీ పిలిచి కూర్చోబెడతారా? ఊరంతా తెలిసిపోతుందా? కొడుకూ కోడలూ చాలా మంచివాళ్ళయినప్పుడు, వాళ్ళకు చెప్పి వాళ్ళను బాధపెట్టడం ఏం న్యాయం? మా అపార్టుమెంటులో ఒకావిడ ఉంది. ఆవిడ కోసం అడుగుతున్నాను. నువ్వు ఎరగవులే.

కిటికీ ఎదురుగా ఫ్లెక్సీ కట్టారు. ఇప్పుడు బస్సులు కనిపించడం లేదు.

నీ చెల్లెలు,
చౌడేశ్వరి.


పెడన,
29 మార్చి 2025.

చెల్లెలు చౌడేశ్వరికి,

రేపు ఉగాది. వేపపువ్వు ఈసారి మన చెట్టుకు తక్కువ, పక్కవీధి నుంచి తెచ్చాం.

మీ అపార్టుమెంటు ఆవిడ గురించి హెలెన్ సిస్టరును అడిగాను. పేరు తెలియదన్నాను. పోలీసులకు చెప్పరు, ఊరికి చాటరు. అవునంటే ఉలిక్కిపడకుండా, నీతులు చెప్పకుండా పక్కన కూర్చోవాలి. ఒంటరిగా వదలకూడదు. ఆవిడ నమ్మే ఒక మనిషికి, ఆవిడతో చెప్పే, కబురు పెట్టాలి. ప్రాణానికి ముప్పు తెచ్చేవి ఇంట్లో అందకుండా తీసేయాలి. 14416 అనే ప్రభుత్వ సహాయ నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారట. డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. మంచివాళ్ళను బాధపెట్టడం న్యాయమా అన్నావే, దానికి సిస్టరు ఒకటే మాట అంది: “చెప్పనందుకు వాళ్ళు పడే బాధ జన్మంతా ఉంటదండీ.” పెదాలు చూశాను కాబట్టి ఈ మాట పొరపాటు లేదు. ఆవిడను నువ్వే అడుగు. నీకు మాటనేర్పు ఉంది.

మన పక్కింటి సురేష్ తెలుసుగా, వాడి మగ్గమూ నా మగ్గమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెడితే వాడు నేస్తున్నాడో లేదో నా అరికాళ్ళకు తెలుస్తుంది. సోమవారం నుంచి నేల అదరడం లేదు. వాడి పెళ్ళాం పుట్టింటికి వెళ్ళి నెలయింది. మంగళవారం ఏడుగురం కలిసి తలుపు తోసుకుని వెళ్ళాం. వాడు హనుమాన్ జంక్షన్‌లో చుట్టాల పెళ్ళికి వెళ్ళి వచ్చి, పొట్ట బాగోక పడుకున్నాడు. ఏడుగురిని చూసి ఇంట్లో ఎవరో పోయారనుకుని వాడే బెదిరిపోయాడు. తలుపు గడియ విరిగింది, నేను వేయించాను.

కానీ మర్నాడు వాడే వచ్చి నా మగ్గం గట్టున కూర్చున్నాడు. గంటన్నర మాట్లాడాడు. సగం అర్థమైంది. నేను వాడి మొహం చూస్తూ కూర్చున్నాను, అంతకన్నా ఏమీ చేయలేదు. లేచేటప్పుడు, “ఇయ్యాల బాగుంది బాబాయ్, రేపొస్తా” అన్నాడు. రోజూ వస్తున్నాడు.

ఇక చీరలు. నాలుగూ రెండు రోజులు చూశాను. తప్పు దొరకలేదు. దొరికి ఉంటే నాకు నయంగా ఉండేది. నా నేత నీకు మొహం మొత్తిందని, కొట్టులో మిషను చీరలు తేలికగా ఉన్నాయని సూటిగా రాయవచ్చు. ఒక్కొక్కటే పంపి నన్ను చంపడం దేనికి? మిగిలినవి కూడా ఒకేసారి పంపేయి. మీ వదిన ఇలా రాయవద్దంది. రాశాను.

పాండురంగయ్య.


విజయవాడ,
8 ఏప్రిల్ 2025.

అన్నయ్యకు నమస్కారాలు.

నువ్వు అడిగినట్టే మిగిలిన ఆరూ పంపుతున్నాను. కోపంతో పంపడం లేదు. నీ నేత కట్టుకున్న ఒంటికి మిషను చీర ఎప్పుడూ నచ్చలేదు, ఈ మాట నువ్వు నమ్మాలి. అడుగున తెల్లగుడ్డలో చుట్టింది నా పెళ్ళిచీర, నాన్న నేసింది. అది మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు, వదిన దగ్గర ఉండనీ.

ఆ అపార్టుమెంటు ఆవిడను అడిగాను. అవునంది. నువ్వు రాసినట్టే పక్కన కూర్చున్నాను. కొడుక్కి చెప్పనా అంటే వద్దంది, వాడికి సీజను టైమట. ఇప్పుడు ఆవిడ బాగానే ఉంది. ఏదో ఒకటి తేల్చుకున్నాక మనసు తేలికయిందట. వారం నుంచి నిద్ర కూడా పడుతోందట. నువ్వు ఇక ఆవిడ గురించి ఆలోచించకు.

కిరణ్‌కు నీ మాట అంటే గురి, అప్పుడప్పుడు కొట్టుకు వచ్చి వాణ్ణి చూస్తూ ఉండు. అక్షయ మంచి పిల్ల. వదినను మోకాళ్ళ నూనె మానవద్దను. సురేష్ పెళ్ళాం తిరిగి వస్తుందిలే.

నేను ఉత్తరం రాయకపోయినా ఏమీ అనుకోకు. నువ్వు నాకు ఎప్పుడూ ఏ లోటూ చేయలేదు.

చౌడేశ్వరి.


బస్సులో,
11 ఏప్రిల్ 2025.

చౌడేశ్వరికి,

ఇది పోస్టులో రాదు, నేనే నీ చేతికి ఇస్తాను. అక్షరాలు వంకర పోతే బస్సును అను. గుడివాడలో మారాను, ఇప్పుడు కంకిపాడు దగ్గర ఉన్నాం.

పార్సెలూ ఉత్తరమూ పొద్దున పదింటికి కలిసే వచ్చాయి. ముందు ఏ పని చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెళ్ళిచీర విప్పి భూతద్దం పెట్టాను. నాన్న నేతలో తప్పు వెతికాను. గంటసేపు వెతికాను. ఈలోగా మీ వదిన ఉతకడానికి నా చొక్కా తీసి, జేబులో సిస్టరు కాగితం తెచ్చి ఆ చీర మీద పెట్టింది. పెట్టి నావైపు చూసింది. 

అప్పుడు నీ ఉత్తరాలు తీసి ఆ కాగితం పక్కన వరసగా పెట్టి చదివాను. నిద్ర ఉంది. గారె ముక్కలు నేను కళ్ళారా చూసినవే. కొట్టుకు వెళ్ళడం మానేయడం ఉంది. పదకొండు చీరలు ఉన్నాయి. గీత గీసిన మాట కూడా ఉంది. రెండు నెలలు వీధంతా తిరిగాను, సెక్రటరీ కళ్ళజోడును అనుమానించాను, సురేష్ తలుపు గడియ విరగ్గొట్టాను. నా చెల్లెలు నాకే రాస్తుంటే నేను చీరలో పోగులు లెక్కపెట్టుకున్నాను. పైగా అన్నీ పంపేయమని రాశాను. 

ఇంకొకటి. ‘సౌ.’ రాయకూడదని ఆ చి.ల.సౌ. మొత్తం తీసేశాను. ‘చి.’ కూడా పోయింది. నిన్ను చిరంజీవి అనడం ఎందుకు మానేశానో నాకే తెలియదు. ఎవరూ మానమనలేదు.

వదిన కిరణ్‌కు ఫోను చేసింది, హెలెన్ సిస్టరు కూడా వాడితో మాట్లాడింది. ఈపాటికి వాడు కొట్టు మూసి నీ పక్కన కూర్చుని ఉంటాడు. ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాను పెడుతుంటాడు. పెట్టనీ. వాడి మీద కోపం తెచ్చుకోకు.

నీకు రెండు ప్రశ్నలు. నోటితో చెప్తే నేను ఊహించుకుంటాను, ఈసారి అది కుదరదు. ఈ కాగితం కిందే రాయి.

ఆ అపార్టుమెంటు ఆవిడ నువ్వేనా?

నీకు చనిపోవాలనే ఆలోచన వస్తోందా?

అన్నయ్య.

*(అదే కాగితం కింద, వేరే చేతిరాతతో)*

రెండింటికీ అవును, అన్నయ్యా. కూర్చో, కాఫీ కలుపుతాను.


విజయవాడ,
2 జూన్ 2025.

అన్నయ్యకు నమస్కారాలు.

నువ్వు పదహారు రోజులు మా ఇంట్లో ఉండి వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నువ్వు మాట్లాడేది నీకు వినపడదు కాబట్టి గట్టిగా మాట్లాడతావు, మూడో అంతస్తు వాళ్ళకు మన పెడన సంగతులన్నీ తెలిసిపోయాయి. ఎదురింటావిడ నన్ను ఆపి సురేష్ పెళ్ళాం వచ్చిందా అని అడిగింది.

ఆ రోజు నేను కాఫీ కలుపుతుంటే నువ్వు వంటగది గడపలో నిలబడి ఉన్నావు. కాఫీ కలుపుకునే ఆడదానికి కాపలా ఏమిటని చిరాకు పడ్డాను. తరవాత అర్థమైంది, రెండు నెలల్లో నేను ఎక్కడున్నానో చూస్తూ ఎవరైనా నిలబడటం అదే మొదటిసారి. నువ్వు నీతులు చెప్పలేదు. కిరణ్ కోసమైనా బతకాలి అనలేదు. ఎంత కాలంగా అని ఒక్కటే అడిగి, నేను రాస్తుంటే కూర్చున్నావు. నోటుబుక్కు సగం అయింది. అంత చెప్పవలసింది నాలో ఉందని నాకే తెలియదు.

డాక్టరుగారి మందులు వేసుకుంటున్నాను. నోరు ఎండిపోతోందంటే మోతాదు మార్చారు. వారం వారం వెళ్ళి మాట్లాడి వస్తున్నాను. బాగయిపోయానని రాయను. కొన్ని రోజులు పొద్దున లేవగానే అదే బరువు ఉంటుంది. కానీ ఇప్పుడు ఆ మాట పక్కగదిలోకి వెళ్ళి చెప్తున్నాను. కిరణ్ మొదటిసారి విని ఏడ్చాడు. రెండోసారి ఏడవలేదు, కాళ్ళ దగ్గర కూర్చుని, “ఇప్పుడేం చేద్దామమ్మా?” అన్నాడు. పెసరట్టు తిందామన్నాను.

కిందటి సోమవారం అక్షయ, “అత్తయ్యా, గద్వాల చీరలకీ మన చీరలకీ తేడా అడుగుతున్నారు, నాకు తెలీట్లేదు, రండి” అని కొట్టుకు తీసుకెళ్ళింది. కుర్చీ వేయలేదు. మూడు గంటలు నిలబెట్టింది. కాళ్ళు లాగేశాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

అసలు సంగతి రాయడం మరిచాను. కొట్టుకు కట్టుకెళ్ళడానికి నా దగ్గర ఒక్క మంచి చీర లేదు. నా చీరలు నాకు పంపించు. పదకొండూ.

నీ చెల్లెలు,
చౌడేశ్వరి.


పెడన,
9 జూన్ 2025.

చిరంజీవి చౌడేశ్వరికి,

చీరలు పార్సెలులో పంపను. నేనే ఒక్కొక్కటి తెస్తాను, రెండు వారాలకు ఒకటి. అప్పుడు పదకొండు సార్లు రావడానికి నాకు పని ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న అడుగుతాను. మధ్యలో వచ్చే గురువారాలు నువ్వు కార్డు మీద జవాబు రాసి పోస్టులో పడేయి. తోడు బృందం గురువారాలే కూర్చుంటుంది కాబట్టి నాకు గుర్తుంటుంది. నన్ను సంతోషపెట్టే జవాబు రాయవద్దు, ఉన్నది రాయి. కార్డు వచ్చేదాకా ఆగలేని రోజైతే కిరణ్‌ను లేపు, 14416కు చెయ్యి, వదినకు చెయ్యి. నాకు మాత్రం చేయకు, బాగుంది అంటాను.

ఒక నష్టం జరిగింది. నెమలిపచ్చ చీర మీ వదిన ఎవరి పెళ్ళికో కట్టుకెళ్ళి దాని మీద గుత్తివంకాయ కూర పోసుకుంది. మరక పోలేదు. నువ్వు ఇచ్చేశావు కాబట్టి తప్పు తనది కాదంటోంది. మీరూ మీరూ తేల్చుకోండి.

సురేష్ బృందంలో చేరాడు. పెళ్ళాం ఇంకా రాలేదు. రామకోటేశ్వరరావుగారు మొన్న నన్ను పక్కకు పిలిచి, తన బావమరిది దగ్గరికి ఒకసారి వెళ్ళి రమ్మన్నారు. చెవిలో పెట్టుకునే మిషను కూడా పెట్టుకుంటున్నాను. అందులో పిట్టలు, స్కూటర్లు, మీ వదిన, ఫోను తప్ప అన్నీ వినపడుతున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళ లెక్క అడిగావు, అది చాలా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

నీ అన్నయ్య,
పాండురంగయ్య.


విజయవాడ,
28 ఆగస్టు 2025, గురువారం.

అన్నయ్యకు నమస్కారాలు.

ఈసారి కార్డు చాలదని ఉత్తరం రాస్తున్నాను. ముందు జవాబు: మంగళవారం మధ్యాహ్నం ఆ ఆలోచన వచ్చింది. మా ఆయన లెక్క రాసుకునే కలం కొట్టులో డ్రాయరు వెనక దొరికింది. అక్షయను పిలిచి చెప్పాను. అది ఫోను ముందు ఎవరికో చీర చూపిస్తున్నదల్లా, “ఇప్పుడే వస్తానండీ” అని ఆపేసి వచ్చి నా పక్కన మెట్ల మీద కూర్చుంది. గంట కూర్చున్నాం. పోయింది. మిగతా రోజులు లేదు.

గళ్ళచీర కట్టుకుంటే మొన్న ఒకావిడ ఇది ఏ ఊరి నేత అని అడిగింది. పెడన అన్నాను. తప్పు పోగు ఉన్న చీర కూడా ఒకటి ఉంది, చూపించమంటారా అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, నాకు నవ్వొచ్చింది.

మా మెట్ల దగ్గర రెండో ఫ్లాటు అమలమ్మగారు పదిరోజులుగా తలుపు తీయడం లేదు. ఈసారి నిజంగానే అపార్టుమెంటులో ఒకావిడ. నిన్న తలుపు తీసేదాకా తట్టి, వెళ్ళి కూర్చున్నాను. అడిగాను, మెల్లగానే. నేను లేస్తుంటే ఆవిడ మళ్ళీ రమ్మంది. సాయంత్రం మళ్ళీ వెళ్తున్నాను. హెలెన్ సిస్టరు కాగితం ఇంకో ప్రతి తీసుకురా.

ఐదు చీరలు వచ్చాయి, ఇంకా ఆరున్నాయి. వరస నేను చెప్తాను. వచ్చేసారి పసుపు అంచుది. వంకాయ కూర మరక చీర వదిననే ఉంచుకోమను. నాన్న నేసిన పెళ్ళిచీర అన్నిటికన్నా ఆఖరున తీసుకురా. దానికి తొందరేమీ లేదు. నేను ఇక్కడే ఉంటాను.

నువ్వు మళ్ళీ పైన రాయడం మరిచిపోతావేమోనని కింద నేనే రాసుకుంటున్నాను.

చిరంజీవి చౌడేశ్వరి.